గుర్రంతో షూటింగ్: అనుమతి కాగితం నుంచి చివరి టేక్ దాకా

గుర్రం సీను స్క్రిప్టులో పడిన రోజే కాగితాల పని మొదలుపెట్టండి. 2001 నాటి ప్రదర్శన జంతువుల రిజిస్ట్రేషన్ నిబంధనల ప్రకారం, సినిమాకు గుర్రాన్ని ఇచ్చే యజమాని దాన్ని భారత జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు చేయించి ఉండాలి. బోర్డు కార్యాలయం ఇప్పుడు హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉంది. ముందస్తు దరఖాస్తులో గుర్రం వయసు, ఆరోగ్యం, చేయాల్సిన పని, ఎంతసేపు చేయాలి, శిక్షణ ఎలా ఇచ్చారు, ఆ సీనుకు గుర్రమే ఎందుకు కావాలి అన్నవి రాసి, పశువైద్యుడి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ జతచేయాలి. 'హీరో గుర్రం మీద వస్తాడు' అని రాసి వదిలేస్తే చాలదు. నడకా, దౌడా, నేల ఎలాంటిది, చుట్టూ ఎంతమంది ఉంటారు, అన్నీ చెప్పాలి. రాసింది ఒకటి, తీసింది ఇంకొకటి అయితే సెన్సార్‌కు ముందు బోర్డు నుంచి కావాల్సిన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) దగ్గర చిక్కు వస్తుంది.

ఎక్కువమంది మరిచిపోయేది బరువు లెక్క. మనిషి, జీను, కాస్ట్యూమ్ అన్నీ కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదు. 380 కిలోల గుర్రానికి అది 76 కిలోలు. 75 కిలోల నటుడు, 10 కిలోల జీను, 12 కిలోల ఇనుప కవచం కలిస్తే 97. కవచాన్ని ఫోమ్‌తో 3 కిలోలకు తగ్గించినా 88, అంటే 440 కిలోల గుర్రం కావాలి. అది దొరక్కపోతే దూరపు షాట్లకు తేలికైన డూప్‌ను ఎక్కించండి. క్లోజప్‌కు జీను బిగించిన స్టాండ్ చాలు. ఈ లెక్క తప్పితే ముందు దెబ్బతినేది వీపు. కండరాలు పట్టేస్తాయి, జీను కింద పుండ్లు పడతాయి.

తారు, సిమెంటు మీద లాడాలు లేకుండా నడిపించడం నిషిద్ధం. లాడం ఉన్నా నున్నటి రోడ్డు మీద కాలు జారుతుంది కాబట్టి మట్టి పరిచి తడపండి. ప్రతి టేకుకు ముందు ఒక మనిషి ఆ దారంతా నడిచి మేకులు, కేబుళ్లు, గాజు ముక్కలు ఏరేయాలి. గుర్రాన్ని పడేయడానికి తీగలు కట్టడం, గోతులు తవ్వడం కుదరదు. మంట దగ్గరికి తీసుకెళ్లకూడదు. బాంబు షాట్ తీసేటప్పుడు దగ్గర్లో కట్టేయకూడదు. 'చనిపోయిన గుర్రం' కావాలంటే బొమ్మ చేయించండి, మత్తుమందు జోలికి పోవద్దు.

ఎండాకాలంలో పని తెల్లవారుజామునే పెట్టుకోండి. గుర్రం రోజుకు 25 నుంచి 50 లీటర్ల నీళ్లు తాగుతుంది, చెమట పడితే ఇంకా ఎక్కువ. వేడి మీద నీళ్లు పెడితే కడుపునొప్పి వస్తుందని ఆపేస్తుంటారు. అది తప్పు, తాగనివ్వండి. దాణా మాత్రం దౌడు తర్వాత గంట ఆగి పెట్టాలి. విశ్రాంతిలో నాడి నిమిషానికి 28 నుంచి 44 ఉంటుంది. దౌడు ఆపిన 15 నిమిషాలకు కూడా 60 దాటి ఉంటే ఆ రోజు మళ్లీ టేకు వద్దు. నీడకు తీసుకెళ్లి ఒంటి మీద నీళ్లు పోస్తూ ఉండండి. డొక్క వైపు పదేపదే చూసుకుంటున్నా, కాలితో నేల గీరుతున్నా, పడుకుని పొర్లుతున్నా కడుపునొప్పి అనుకోవాలి. మేత తీసేసి వెంటనే పశువైద్యుడిని పిలవండి. షాట్ ఆపమనే అధికారం ఆయనకే ఉండాలి. ఆ సంగతి డైరెక్టర్‌కు, ఫైట్ మాస్టర్‌కు మొదటి రోజే చెప్పి పెట్టండి.