గ్రంజ్ శబ్దమా, కాలమా: ఒక సాయంత్రం కూర్చుని తేల్చుకునే పద్ధతి

నిర్వాణ, పెర్ల్ జామ్, సౌండ్‌గార్డెన్, ఆలిస్ ఇన్ చెయిన్స్. అమెరికాలోని సియాటిల్ ఊరి ఈ నాలుగు రాక్ బ్యాండ్లనూ ఒకే గాటన కట్టి గ్రంజ్ అనేస్తారు. వరుసపెట్టి వింటే మాత్రం వీటికీ వీటికీ చుట్టరికం ఎక్కడుందని అనుమానం వస్తుంది. ఆ అనుమానం న్యాయమైనదే. గ్రంజ్ అన్నది ఒక రకం శబ్దానికి పేరా, తొంభైల మొదట్లోని ఒక కాలానికి పేరా? దాన్ని చర్చతో కాకుండా చెవితో, ఇంట్లో గిటారుంటే వేళ్లతో తేల్చుకోవచ్చు.

ముందుగా ఒక నోటుబుక్కులో రెండు గడులు గీయండి. ఒకదాని మీద ‘చెవి’, ఇంకోదాని మీద ‘తేదీ’ అని రాయండి. వినడానికి ఇయర్‌ఫోన్లో, కాస్త పెద్ద స్పీకరో కావాలి. ఫోన్ స్పీకర్ పనికిరాదు. ఈ పాటల్లో కొన్నిచోట్ల శ్రుతి కిందికి దించిన గిటారు ఆరో తీగ 73 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోన్‌లో ఆ అడుగు స్వరం పోయి పైపై గరగర మాత్రమే మిగులుతుంది. వీడియోలు కూడా పెట్టుకోవద్దు. ఈ బ్యాండ్ల వాళ్ల గళ్ల చొక్కా కంటబడ్డాక చెవి నిజం చెప్పదు.

వినే వరుస ముఖ్యం. గ్రీన్ రివర్ ‘డ్రై యాజ్ ఎ బోన్’ (1987), మడ్‌హనీ ‘సూపర్‌ఫజ్ బిగ్‌మఫ్’ (1988), నిర్వాణ ‘బ్లీచ్’ (1989). వీటిలో రెండేసి పాటలు విని ఆపండి. గిటారు మోత నూగు నూగుగా ఉందా, అంచులు తేరి ఉందా? నడక బరువుగా ఉందా? గొంతు పాడుతోందా, అరుస్తోందా? సోలో ఉందా? ఇవే ‘చెవి’ గడిలో రాయాల్సినవి. ‘తేదీ’ గడిలో రికార్డు ఎప్పుడు విడుదలైందో రాయండి. మూడింటికీ దాదాపు ఒకే జవాబులు వస్తాయి: హెవీ మెటల్ బ్యాండు బ్లాక్ సబ్బాత్ బరువు, పంక్ రాక్ మొరటుదనం, పైన మందంగా కప్పిన ఫజ్, అంటే గిటారు స్వరాన్ని చిట్లగొట్టే గరగర. మడ్‌హనీ రికార్డు పేరే రెండు పెడళ్ల (గిటారు శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే పెట్టెల) పేర్లు కలిపి పెట్టింది. అయితే ఈ పోలికకు మరో కారణమూ ఉంది. మూడింటినీ రికార్డు చేసింది జాక్ ఎండినో, సియాటిల్‌లోని రెసిప్రోకల్ రికార్డింగ్ అనే ఒకే స్టూడియోలో. ‘బ్లీచ్’కు అయిన ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు. అంటే ఊరి శబ్దం అనుకునేదాంట్లో కొంత ఒక గది శబ్దం. దీన్ని పక్కన పెట్టి మాట్లాడేవాళ్ల లెక్క ఎప్పుడూ తప్పుతుంది.

ఇప్పుడు రెండో విడత: ‘నెవర్‌మైండ్’ (1991), పెర్ల్ జామ్ ‘టెన్’ (1991), సౌండ్‌గార్డెన్ ‘బ్యాడ్‌మోటర్‌ఫింగర్’ (1991), ఆలిస్ ఇన్ చెయిన్స్ ‘డర్ట్’ (1992). ఇక్కడ ‘చెవి’ గడి చెల్లాచెదురవుతుంది. ‘నెవర్‌మైండ్’ బుచ్ విగ్ నిర్మాణంలో, ఆండీ వాలెస్ మిక్సింగ్‌తో నున్నగా తేలిన రికార్డు. ‘టెన్’లో పొడవాటి సోలోలు, గొంతు మీద దండిగా రివర్బ్ (పెద్ద హాల్లో పాడినట్టుండే మార్మోగు), డెబ్బైల నాటి హార్డ్ రాక్ వంశం. ‘డర్ట్’ మెటల్‌కు దగ్గర, పైన రెండు గొంతులు జంటగా సాగుతాయి. సౌండ్‌గార్డెన్ ‘అవుట్‌షైన్డ్’లో రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటారు పలుకు) ఏడు దెబ్బల మీద నడుస్తుంది. మిశ్రచాపు ఎరిగిన చెవికి ఏడు కొత్త కాదు గానీ మూడు-నాలుగు విరుపు కోసం వెతక్కండి, తొడ మీద ఏడూ సమానంగా లెక్కపెట్టండి. నాలుగు బ్యాండ్లకు నాలుగు రకాల జవాబులు. ‘తేదీ’ గడిలో మాత్రం అన్నీ ఒకే ఏడాదిన్నరలో పడతాయి.

మాట పుట్టుక కూడా ఇదే చెబుతుంది. 1981లో, తర్వాత గ్రీన్ రివర్, మడ్‌హనీలలో పాడిన మార్క్ ఆర్మ్, సియాటిల్‌లోని ఓ చిన్న పత్రికకు ఉత్తరం రాస్తూ తన అప్పటి బ్యాండునే ‘గ్రంజ్’ అని వెక్కిరించాడు. 1987లో సబ్ పాప్ అనే రికార్డు కంపెనీ గ్రీన్ రివర్ రికార్డును అమ్ముకోవడానికి అదే మాట వాడింది. అప్పటికది మోతకు పెట్టిన పేరు. 1992 నవంబరు నాటికి న్యూయార్క్ టైమ్స్ గ్రంజ్ వాళ్ల యాస అంటూ ఒక పదాల పట్టీ అచ్చేసింది. సబ్ పాప్‌లో పనిచేసిన మెగన్ జాస్పర్ సరదాకు కల్పించి చెప్పిన మాటలవి. అదే కాలంలో డిజైనర్ మార్క్ జేకబ్స్ ఆ గళ్ల చొక్కాల తరహా బట్టల్ని ఫ్యాషన్ వేదిక ఎక్కించాడు. మా లెక్క ఇది: పేరు శబ్దానికి పుట్టింది, 1991 తర్వాత కాలానికి అంటుకుంది. కాబట్టి ఎవరైనా గ్రంజ్ అంటే ఏ గడి సంగతి మాట్లాడుతున్నారో ముందు అడగాలి.

గిటారుతో పరీక్ష

ఆరో తీగను ఇ నుంచి డి కి, అంటే రెండు ఫ్రెట్ల మేర దించండి. నేరుగా డి దగ్గర ఆపకండి. ఇంకొంచెం కిందికి వదిలి, మళ్లీ బిగిస్తూ పైకి రండి. లేదంటే నట్ (మెడ పైచివర తీగలు ఆనే గాడి) దగ్గర చిక్కుకున్న వదులు రెండు నిమిషాల్లో జారి శ్రుతి దిగిపోతుంది. ఏడో ఫ్రెట్ మీద నొక్కితే ఐదో తీగ ఖాళీ స్వరంతో కలవాలి. పీర్ల పండుగకు డప్పును మంట మీద కాచి తోలు బిగిశాకే వాయిస్తారు. ఇక్కడ పని తలకిందులు, వదులు చేస్తేనే బరువు. కానీ వదులైన తీగను గట్టిగా బాదితే స్వరం ఒక్క క్షణం పైకి ఎగురుతుంది. అందుకే వాయించేటంత గట్టిగానే మీటుతూ ట్యూనర్ చూసుకోవాలి. 46 మందం (అంగుళంలో వెయ్యో వంతుల లెక్క) తీగ మరీ గలగలలాడితే 49 గానీ 52 గానీ వేయండి.

లావుపాటి మూడు తీగల మీద ఒక్క వేలు అడ్డంగా వేస్తే పవర్ కార్డ్ వస్తుంది: షడ్జం, పంచమం, పైషడ్జం. గాంధారం లేదు. అందుకే అది మేజరూ కాదు, మైనరూ కాదు. ఫజ్ కింద గాంధారం చేర్చి చూడండి, స్వరాలు ఒకదాన్నొకటి కొట్టుకుని బురదవుతుంది.

బిగ్ మఫ్ తరహా పెడల్ అయితే సస్టైన్‌ను గడియారంలో 2 దగ్గర, టోన్‌ను 11 దగ్గర పెట్టండి. అది మధ్య స్వరాలను తినేస్తుంది కనుక ఆంప్‌లో మిడ్ పెంచాలి. పది వాట్ల చిన్న ఆంప్‌లో బాస్ 4 దాటితే స్పీకర్ చిరిగినట్టు పలుకుతుంది. ‘నెవర్‌మైండ్’లో నిర్వాణ గిటారిస్టు కర్ట్ కోబెయిన్ ఎక్కువగా వాడినది బాస్ (Boss) కంపెనీ డీఎస్-1 అనే డిస్టార్షన్ పెడల్. దానికి టోన్ 9 చాలు, పెంచితే చెవి కోస్తుంది. మెల్లగా ఉండే చరణం నుంచి పల్లవికి దూకేచోట చాలామంది పప్పులో కాలేస్తారు. డిస్టార్షన్ శబ్దాన్ని అణిచి చదును చేస్తుంది. లెవెల్ నాబ్‌ను మామూలు మోతకంటే ఒక మెట్టు పైన పెట్టకపోతే పల్లవి లేవదు, పడుకుంటుంది.

ఇక గుయ్‌మనే హమ్. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా పాత ఇళ్ల స్విచ్చు బోర్డుల్లో చాలాసార్లు మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక ఎర్త్ వైరు ఉండదు. ఫజ్ ఆ 50 హెర్ట్జ్ గుయ్‌ని కూడా గిటారుతో సమానంగా పెంచుతుంది. వైరు ఉన్నా ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోతే పట్టు తగ్గుతుంది. ఉప్పు, బొగ్గు వేసిన ఆ గుంతలో బకెట్ నీళ్లు పోయించండి. ఫ్యాన్ రెగ్యులేటర్‌కు దూరంగా కూర్చోండి. తీగలు తాకగానే హమ్ తగ్గితే భయం లేదు. జిల్లుమంటే వెంటనే ప్లగ్ పీకి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. పెడల్‌కు మార్కెట్లో దొరికే అడాప్టర్ కొనేటప్పుడు 9 వోల్టులే కాదు, మధ్య పిన్ నెగెటివ్ అవునో కాదో చూడండి. బ్యాటరీతో వాడితే పని కాగానే ఇన్‌పుట్ కేబుల్ పీకేయాలి. అది గుచ్చి ఉన్నంతసేపు బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది.

అన్నీ కుదిరాక ఒకే సెట్టింగుతో మొదటి మూడు రికార్డుల రిఫ్‌లు వాయించండి, కూర్చున్నట్టు కూర్చుంటాయి. అదే ఫజ్ కింద, తీగను మళ్లీ ఇ కి బిగించి, పెర్ల్ జామ్ ‘అలైవ్’ పల్లవిని నిండు కార్డులతో పట్టండి. ముద్ద అవుతుంది. గిటారు వాల్యూమ్ 5కి, సస్టైన్ 9 దగ్గరికి దించితే తేటపడుతుంది, దాంతోపాటు ఫజ్ నూగూ పోతుంది. నోటుబుక్కులో పెర్ల్ జామ్ ఎదురుగా ‘చెవి’ గడిలో హార్డ్ రాక్ అని రాయండి. ‘తేదీ’ గడిలో ‘టెన్’ విడుదలైన 1991 ఆగస్టు 27.