పాత ఇంటికి కొత్త రూపు – ఐదో పాఠం: మన ఎండకు నప్పే శైలి

గత పాఠంలో గదుల కొలతలు తీసుకొని, గళ్ల కాగితం మీద ఇంటి పటం గీసి, ఏ గోడ ఏ దిక్కున ఉన్నదో గుర్తు పెట్టుకున్నాం. ఆ పటాన్ని ముందు పెట్టుకొని, ఇంటికి ఎలాంటి శైలి నప్పుతుందో తేల్చుకునే పద్ధతిని ఈ పాఠంలో నేర్చుకుందాం. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల వైపు ఇండ్లను దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను కనుక ఉదాహరణలు తాండూరు బండల నేలలు, పది అడుగుల ఎత్తు స్లాబులు, డంగు సున్నంతో కట్టిన పాత గోడల చుట్టూనే ఉంటాయి.

ఫోనులో నచ్చిన గది ఫొటో చూపించి "ఇట్లనే కావాలె" అని పెయింటర్‌తో చెప్పడం ఇప్పుడు మామూలైంది. ఫొటోలో గోడ రంగు, సోఫా, దీపాలు కనిపిస్తాయి గాని ఆ గది ఏ దేశంలో ఉన్నదో, అక్కడి ఎండ ఎంతో, ఆ స్లాబు ఎంత ఎత్తున ఉన్నదో కనిపించవు. ప్రతి శైలీ ఒక చోటి వాతావరణం వల్లనో, ఒక కాలపు అవసరం వల్లనో పుట్టింది. ఆ కారణం మన ఇంట్లోనూ ఉంటే ఆ శైలి నిలబడుతుంది. లేకపోతే ఎంత ఖర్చు పెట్టినా రెండు ఎండాకాలాలు గడిచేసరికి ఇంట్లోవాళ్లకే విసుగు పుట్టిస్తుంది. అందుకే శైలి పేరు కంటే ముందు అది పుట్టిన చోటు గురించి అడగాలన్నది నా గట్టి అభిప్రాయం.

శైలులు, వాటి పుట్టుక

ఇప్పుడు అందరి నోటా వినిపించే స్కాండినేవియన్ శైలిని తీసుకుందాం. స్వీడన్, నార్వే, డెన్మార్క్ దేశాల్లో చలికాలపు పగలు చాలా చిన్నది. దొరికిన కాస్త వెలుతురునూ గదంతా పరచుకోవడానికి వాళ్లు గోడలకు తెలుపు వేశారు, పైన్, బర్చ్ వంటి లేతరంగు కలప వాడారు. మనకు వెలుతురుకు కొదవ లేదు. ఏప్రిల్ మధ్యాహ్నం పడమటి కిటికీ ఉన్న గదిలో మెరుపు తెలుపు వేస్తే కండ్లు నొస్తాయి, చెల్క నేలల ఎర్రదుమ్ము ఆ గోడ మీద నెలలోపే గీతలు కడుతుంది. అయినా ఆ శైలిలో మనం తీసుకోదగినది ఒకటున్నది. సన్నని కాళ్ల మీద నేలకు ఎత్తుగా నిలబడే తేలికపాటి సామాను కింద చీపురు ఆడుతుంది, గాలి ఆడుతుంది, చెదలు పడితే వెంటనే కంటపడుతుంది.

ఇండస్ట్రియల్ శైలి న్యూయార్క్‌లోని సోహో ప్రాంతంలో, మూతబడిన కార్ఖానాల్లో 1960లు, 70లలో కళాకారులు నివాసం ఏర్పరచుకున్నప్పుడు రూపు కట్టింది. బయటికి కనిపించే ఇటుక, ఇనుప స్తంభాలు, గొట్టాలు ఆ కట్టడాల్లో ముందునుంచే ఉన్నాయి, కప్పులు చాలా ఎత్తున ఉన్నాయి. పది అడుగుల స్లాబు కింద ఇటుక బొమ్మ ఉన్న కాగితం అతికించి, పైన నల్లరంగు వేస్తే మిగిలేది ఇరుకే. కాని గోడ పైనుంచి ఇనుప పైపుల్లో కరెంటు తీగలు లాగే పద్ధతిని మాత్రం తప్పక నేర్చుకోవాలి, ఎందుకంటే పాత రాతిగోడనో మట్టిగోడనో తొలిచి పైపులు పూడ్చడం వల్ల జరిగే నష్టం చాలా పెద్దది.

ఆర్ట్ డెకో పేరు 1925 పారిస్ ప్రదర్శన నుంచి వచ్చింది. 1930లలో బొంబాయి మెరైన్ డ్రైవ్ మేడలు ఆ తీరులోనే లేచాయి. మీ ఇంట్లో అర్ధవృత్తాలు, మెట్లమెట్లుగా సాగే గీతలు ఉన్న పాత ఇనుప గ్రిల్స్ ఉంటే అవి ఆ తరహావే అనుకోవచ్చు. వాటిని తూకానికి అమ్మకండి.

మనకు అన్నిటికంటే దగ్గరి చుట్టం మధ్యధరా శైలి. గ్రీసు, దక్షిణ స్పెయిన్, మొరాకో తీరాల్లో ఎండాకాలం వేడిగా, పొడిగా ఉంటుంది. అందుకని దళసరి గోడలు, చిన్న కిటికీలు, సున్నపు పూత, నడుమ ఆకాశం కనిపించే వాకిలి అక్కడి ఇండ్లకు ఒంటబట్టాయి. మన పాత భవంతి ఇండ్లు ఇదే పని చేశాయి: నడుమ వాకిలి, చుట్టూ అసార, అసార వెనుక చల్లని అర్రలు. అలాంటి ఇల్లు వారసత్వంగా వచ్చినవాళ్లు కొత్త శైలిని వెతుక్కోనక్కరలేదు, ఉన్నదాన్ని బాగు చేసుకుంటే చాలు.

ఎండ లెక్క

మన ప్రాంతం దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. అంటే మే మొదటి పక్షంలో ఒకసారి, ఆగస్టు మొదటి పక్షంలో మరోసారి మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి వస్తాడు. డిసెంబరు 21 నాటి మధ్యాహ్నం దక్షిణాన దాదాపు 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. దక్షిణపు కిటికీకి సరిగ్గా పై అంచున రెండు అడుగుల సన్‌షేడ్ ఉంటే, ఆ రోజు మధ్యాహ్నం కూడా అది రెండున్నర అడుగులకు కాస్త తక్కువగా నీడనిస్తుంది. వేసవిలో దక్షిణపు గోడ మీద మధ్యాహ్నపు ఎండ పడదనే చెప్పవచ్చు.

చిక్కంతా పడమటిది. మే నెలలో సాయంత్రం నాలుగుంపావుకు సూర్యుడు సుమారు 33 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అదే రెండు అడుగుల సన్‌షేడ్ నాలుగు అడుగుల పడమటి కిటికీలో పై అడుగుంపావును మాత్రమే కాపాడుతుంది. ఇంకో గంట గడిస్తే ఆ నీడ ఎనిమిది అంగుళాలకు వస్తుంది. కనుక సన్‌షేడ్‌ను ఇంకా పొడిగించి లాభం లేదు, ఎండకు నిలువుగా అడ్డం పెట్టాలి. వెదురు తడక, సిమెంటు జాలీ, కాల్చిన మట్టి జాలీ, వేపచెట్టు, ఏదైనా పనికొస్తుంది గాని అది అద్దానికి బయట ఉండాలి. అద్దం దాటి వచ్చిన వేడిని లోపలి కర్టెన్ బయటికి పంపలేదు. జాలీ మనకు కొత్త కూడా కాదు: ఆలంపూర్ నవబ్రహ్మ ఆలయాలకు 7, 8 శతాబ్దాల నాటి శిల్పులు చెక్కిన రాతి జాలీలు గాలినీ వెలుతురునూ రానిస్తూ ఎండను విరగ్గొట్టడం నేటికీ వెళ్లి చూడవచ్చు.

పై అంతస్తులో ఉండేవాళ్లు గోడ రంగు కంటే ముందు మిద్దె మీదికి వెళ్లాలి. స్లాబు పైన తెల్లని పూత లేకుండా కింద ఎంత అందమైన గది కట్టినా సాయంత్రం అందులో కూర్చోలేరు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ఒక విధానాన్నే తెచ్చింది. ఫాల్స్ సీలింగ్ వేడిని తగ్గిస్తుందని వేయించుకునేవారు ఒక లెక్క చూసుకోవాలి: పది అడుగుల గదిలో సీలింగ్ ఒక అడుగు దిగితే తొమ్మిది అడుగులే మిగులుతాయి, ఫ్యాన్ రెక్కలకూ సీలింగ్‌కూ మధ్య మరో అడుగు ఖాళీ ఉంటే తప్ప గాలి సరిగా రాదు, అప్పుడు రెక్కలు ఎనిమిది అడుగుల దగ్గర తిరుగుతాయి. అంతకంటే కిందికి దించవద్దు.

నేలతో మొదలు

శైలిని ఎంచుకోవడంలో మొదటి మాట నేలదే, ఎందుకంటే గదిలో మార్చడానికి అన్నిటికంటే కష్టమైనదీ, కాలికీ కంటికీ ఎప్పుడూ తగిలేదీ అదే. మన పాత ఇండ్లలో ఎక్కువగా కనిపించేవి తాండూరు, షాబాద్ బండలు. ఇవి సున్నపురాయి జాతివి. ఒక మూల బండ మీద నిమ్మరసం చుక్క వేసి రెండు నిమిషాలు ఆగి తుడిచి చూడండి: సన్నని నురుగు లేచి, ఆ చుక్క పడినంత మేర మెరుపు పోయి మసకబారుతుంది. మరుగుదొడ్లు కడిగే యాసిడ్ ఈ బండలను ఎలా తినేస్తుందో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు. బండల మీద సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్ పోస్తామని మేస్త్రీ అంటే ఒప్పుకోకండి.

మాసిన బండలను పెకిలించి టైల్స్ వేయాలన్న ఆలోచన రాగానే ఒక చదరపు గజం మేర పరీక్ష చేయించండి. సందుల్లోని పాత సిమెంటును గీకి, కొత్తగా నింపి, మూడు నాలుగు రకాల రాళ్లతో వరసగా పాలిష్ పట్టించి చూస్తే, ఆ బూడిద నీలం, ఆ పసుపు ఎంత నిండుగా బయటపడతాయో అర్థమవుతుంది. నీలపు బండ ఉన్న గదికి గోధుమ, ఇటుక, మీగడ రంగులు నప్పుతాయి. పసుపు బండ ఉన్న గదికి ఆకుపచ్చ ఛాయలు, ముదురు కలప నిండుదనం ఇస్తాయి. నేల రంగును కాదని గోడ రంగు ఎంచుకున్న గది ఎప్పటికీ కుదురుకోదు.

గోడ ఊపిరి

డంగు సున్నంతోనో మట్టితోనో కట్టిన గోడ నేలలోని చెమ్మను పీల్చుకుంటుంది, పైన సున్నపు పూత ఉంటే తిరిగి గాలిలోకి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూత, లప్పం, ప్లాస్టిక్ పెయింటు వేస్తే చెమ్మకు దారి మూసుకుపోతుంది. అప్పుడు నేల నుంచి మోకాలి ఎత్తుదాకా రంగు పొక్కులు లేచి, తెల్లని ఉప్పుపొడి రాలుతుంది. దానికి మళ్లీ వాటర్‌ప్రూఫ్ పెయింటు వేయడంతో చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది. అలాంటి గోడకు సున్నంతోనే మరమ్మతు చేసి, సున్నమే వేయాలి. సున్నపు పూత గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి మళ్లీ రాయిగా గట్టిపడుతుంది. దానికి ఆ మసక మెత్తదనం రావడం అందువల్లనే. జాజు కలిపితే ఇటుక ఛాయ, పసుపు మన్ను కలిపితే తేనె ఛాయ వస్తాయి.

చెమ్మ ఉందో లేదో తెలియకపోతే, అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథిన్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గోడకు గాలి చొరకుండా అతికించి రెండు రోజులు ఉంచండి. గోడవైపు తడి చేరితే చెమ్మ గోడలోనిది. గదివైపు తడి చేరితే అది గదిలోని ఆవిరి, దానికి గాలి ఆడేలా చూడడమే మందు. పాత దర్వాజల మీద దశాబ్దాల నాటి ఎనామిల్ పెయింటు ఉంటే పొడిగా రుద్దవద్దు. ఇంటి పెయింట్లలో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలైంది. అంతకు ముందటి పెయింటులో ఎక్కువ సీసం ఉండవచ్చు కనుక, తడిపి రుద్దాలి, పిల్లలను ఆ గదిలోకి రానివ్వకూడదు.

ఒక హాలు

పన్నెండు అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడవు, పడమటికి నాలుగు అడుగుల కిటికీ, నీలపు తాండూరు బండల నేల, ఉత్తరపు గోడలో రెండు గూళ్లు, టేకు దర్వాజ ఉన్న హాలును ఊహించుకోండి. ఇంటివాళ్లు తెల్లని స్కాండినేవియన్ హాలు కోరుకున్నారనుకుందాం. మన పద్ధతిలో మొదట కిటికీ బయట తడకనో జాలీనో పెడతాం. తర్వాత బండలకు పాలిష్ చేయిస్తాం. మూడు గోడలకు మెరుపు లేని మీగడ రంగు వేసి, గూళ్లున్న గోడకు మాత్రం జాజు ఛాయ ఇస్తాం. దర్వాజ మీది రంగు తీసి నూనె పట్టిస్తాం. సోఫా, టీపాయి కాళ్ల మీద ఎత్తుగా నిలబడేవి తెస్తాం. వాళ్లు ఫొటోలో మెచ్చుకున్న ఆ విశాలత, ఆ తేలికదనం ఈ హాలుకు వచ్చేశాయి, కండ్లకు గుచ్చే తెలుపు మాత్రం రాలేదు.

రంగుల పాళ్లకు గద్వాల చీరను గుర్తు చేసుకోండి: ఒళ్లు చాలావరకు ప్రశాంతంగా ఉంటుంది, అంచు దాన్ని కట్టి ఉంచుతుంది, జరీ గొప్పతనమంతా కొంగులో కనిపిస్తుంది. గదిలోనూ నూటికి అరవై పాళ్లు గోడ, నేలల నెమ్మది రంగు, ముప్పై పాళ్లు కలప, సామాను, పది పాళ్లు మాత్రమే కంటిని పట్టే రంగు ఉంటే సరిపోతుంది. ఆ పది పాళ్లకు పుట్టపాక తేలియా రుమాలులోని ఎరుపు, నలుపు, తెలుపు కంటే నాకు తోచిన మంచి కూర్పు లేదు. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ నేతను ఒక చట్రంలో బిగించి గూళ్ల మధ్య వేలాడదీస్తే ఆ గోడకు ఇంకేమీ అక్కరలేదు. పోచంపల్లి ఇక్కత్ నూలుతో దిండ్ల గలేబులు, దివాన్ మీది దుప్పటి కుట్టించుకోవచ్చు. ఎండ తగిలే కిటికీకి ఇక్కత్ కర్టెన్ వేసేటప్పుడు మాత్రం వెనుక మందపాటి తెల్లబట్ట కుట్టించండి, లేకపోతే రంగు వెలిసిపోతుంది. ఒకే గదిలో రెండు రకాల ఇక్కత్ చిత్రాలు పెట్టకండి, ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి.

అభ్యాసం

మీ ఇంట్లో ఒకే గదిని ఎంచుకోండి. ఎండ ఉన్న ఒక రోజు ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం నాలుగున్నరకు ఆ గదిలో ఎండ పడిన చోటును నేల మీద సుద్దముక్కతో గీసి, ఆ మూడు గీతలనూ గళ్ల కాగితం మీది పటంలోకి ఎక్కించండి. నేల ఏ రాయిదో, గోడ సున్నానిదో సిమెంటుదో పటం పక్కన రాయండి. పాలిథిన్ పరీక్ష ఫలితం కూడా రాయండి. మీకు నచ్చిన శైలి పేరు రాసి, అది పుట్టిన చోటి వాతావరణాన్ని ఒక్క వాక్యంలో చెప్పి, దానిలో మీ గదికి పనికొచ్చే రెండు సంగతులనూ, వదిలేయవలసిన ఒకదాన్నీ తేల్చండి. చివరగా రెండు అడుగుల చదరం అట్టముక్క మీద ఎంచుకున్న రంగు రెండు పూతలు వేసి, దాన్ని నాలుగు గోడలకూ ఒక్కో రోజు చొప్పున ఆనించి, పగటి వెలుతురులోనూ రాత్రి దీపం కిందా చూడండి. ఆరో పాఠం వంటగది గురించి: గట్టు ఎత్తు, పొగ పోయే దారి, నల్లగొండ నల్లరాయితో గట్టు పరిచే పద్ధతి. దానికి ఈ పటమే మళ్లీ కావాలి.