షెవీ 350కి సరిపోయే ఫ్లెక్స్ ప్లేట్ ఎంచుకోవడం ఎలా

నేను హ్యూస్టన్‌లో ఉంటాను. నా దగ్గర 1972 షెవీ (షెవ్రొలే) నోవా కారు ఉంది, 350 (ఘనపు అంగుళాల) ఇంజన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఐడిల్‌లో టకటకమని శబ్దం మొదలైతే చాలామంది కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోయిందేమోనని టెన్షన్ పడతారు. ఇంజన్ విప్పే ముందు గేర్‌బాక్స్ ముందువైపు కింది కవర్ తీసి, టార్చ్ వేసి ఫ్లెక్స్ ప్లేట్ చూడండి. పిస్టన్లు తిప్పే ఇరుసును (క్రాంక్) టార్క్ కన్వర్టర్‌కు, అంటే ఇంజన్ శక్తిని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగానికి, కలిపే పలుచని పళ్ళ పలక అది. క్రాంక్ బోల్టుల చుట్టూ పగులు వచ్చినా అచ్చం అలాగే కొడుతుంది. నా కారుకి అదే జరిగింది.

కొత్తది కొనేటప్పుడు షాపులో ముందు కారు ఏ సంవత్సరందని అడుగుతారు. ఆ జవాబును నమ్మి కొనకండి. యాభై ఏళ్ల కారులో మొదటి ఇంజనే ఉందన్న గ్యారంటీ లేదు. నా నోవాలో ఉన్నది 1980ల చివరి పికప్ ఇంజన్. వాల్వ్ కవర్ బోల్టులు మధ్యలో ఉంటే 1987 నుంచి వచ్చిన హెడ్ (ఇంజన్ పైభాగం) అని ఊహించవచ్చు, కానీ హెడ్లూ మార్చేస్తారు. బ్లాక్ (ఇంజన్ ప్రధాన భాగం) వెనక, డ్రైవర్ వైపు (ఎడమ) అంచు మీద పోతపోసిన నంబర్ ఉంటుంది, ఇంజన్ ఏదో తేల్చుకోవడానికి దాన్ని రాసుకోండి.

అసలు సంగతి క్రాంక్ వెనక చివర తేలుతుంది. 1955 నుంచి 1985 దాకా వచ్చిన స్మాల్ బ్లాక్‌లో (350, 400 లాంటి షెవీ V8 ఇంజన్ల కుటుంబం) వెనక ఆయిల్ సీలు రెండు ముక్కలు. క్రాంక్ బోల్టులు 3.58 అంగుళాల వృత్తం మీద ఉంటాయి. 1986 నుంచి సీలు ఒకే ముక్క, వృత్తం 3 అంగుళాలు. ఎదురెదురు రంధ్రాల మధ్యబిందువుల దూరం కొలిస్తే ఏదో తెలిసిపోతుంది. ఒకదాని ప్లేట్ రెండోదానికి ఎక్కదు కాబట్టి ఇక్కడ పొరపాటు వెంటనే బయటపడుతుంది.

బ్యాలెన్స్ విషయంలో పొరపాటు మాత్రం అలా బయటపడదు. అందుకే నేను అందరికీ దీని గురించే గట్టిగా చెబుతాను. పాత 350 క్రాంక్ తనంతట తానే బ్యాలెన్స్ అయి ఉంటుంది, దానికి బరువు లేని ప్లేట్ కావాలి. 400 ఇంజన్‌కి బోల్టుల వృత్తం అదే 3.58 అంగుళాలు, కానీ దాని ప్లేట్‌కి ఒకపక్క బరువు వెల్డ్ చేసి ఉంటుంది. అది 350కి చక్కగా బిగుస్తుంది, ఇంజన్ మాత్రం వణికిపోతుంది, బేరింగులు దెబ్బతింటాయి. 1986 నుంచి వచ్చిన 350కి కూడా బరువున్న ప్లేటే కావాలి, అయితే 400ది కాదు, దానిదే. 350 బ్లాక్‌లో 400 క్రాంక్ వేసి 383 చేసినవారైతే, ఏ పద్ధతిలో బ్యాలెన్స్ చేశారో ఇంజన్ కట్టినవాళ్లనే అడగండి. పాత ప్లేట్ పారేయకండి, బరువు ఉందో లేదో, ఉంటే ఎక్కడుందో కొత్తదాని పక్కన పెట్టి చూడండి.

ఇక ప్లేట్ అంచున స్టార్టర్ తిప్పే పళ్ళు. 153 పళ్ళ ప్లేట్ వ్యాసం పన్నెండు ముప్పావు అంగుళాలు, 168 పళ్ళది 14 అంగుళాలు. మామూలుగా చిన్నదానికి స్టార్టర్ బోల్టులు రెండూ ఒకే వరుసలో, పెద్దదానికి ఏటవాలుగా ఉంటాయి. స్టార్టర్ మార్చకూడదనుకుంటే పాత పళ్ళ లెక్కే తీసుకోండి. టార్క్ కన్వర్టర్ బోల్టుల వృత్తం 10.75 లేదా 11.5 అంగుళాలు, కొన్ని ప్లేట్లకు రెండు రకాల రంధ్రాలూ ఉంటాయి. రేసులకు తీసుకెళ్లే కారైతే ఎస్ఎఫ్ఐ 29.1 (రేసింగ్ భద్రతా ప్రమాణం) ముద్ర ఉన్నదే కొనండి.

బిగించేటప్పుడు ఫ్లైవీల్ (మాన్యువల్ గేర్‌బాక్స్ కార్లలో ప్లేట్ స్థానంలో ఉండే బరువైన చక్రం) బోల్టులు వాడకండి, వాటి పొడవు ఎక్కువ. ఫ్లెక్స్ ప్లేట్ బోల్టులే తెచ్చుకోండి. గేర్‌బాక్స్ కలిపాక కన్వర్టర్‌ను వెనక్కి పూర్తిగా నెట్టి, ప్లేట్‌కీ దానికీ మధ్య ఖాళీ కొలవండి. 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉండాలి. అసలు ఖాళీ లేకుండా బోల్టులతో లాగి బిగిస్తే గేర్‌బాక్స్ పంపు, క్రాంక్ థ్రస్ట్ బేరింగ్ రెండూ పోతాయి. కన్వర్టర్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంటేనే దాన్ని ప్లేట్‌కు కలిపే మూడు బోల్టులూ బిగించండి.