బొమ్మ బస్సుకు తెలుగు బోర్డు: లెగో ఇటుకలకు కొలత తప్పని డెకాల్ తయారీ

మా అబ్బాయి లెగో ఇటుకలతో ఒక బస్సు కట్టి, దాని ముందు భాగంలో అద్దానికి పైన ‘చిత్తూరు’ అన్న బోర్డు కావాలని అడిగాడు. తిరుపతిలో ఏ జిరాక్స్ షాపులోనైనా దొరికే స్టిక్కర్ షీటుతో అటువంటి బోర్డును, అంటే టైలు మీద అతికించే డెకాల్‌ను (ముద్రించిన స్టిక్కరును), చక్కగా తయారు చేసుకోవచ్చు. అయితే అందులో అసలు పని అంతా కొలతలోనే ఉంది.

లెగో ఇటుక మీద ఒక బుడిపె నడిమి నుంచి పక్క బుడిపె నడిమి వరకు సరిగ్గా 8 మి.మీ. ఉంటుంది. ఇటుకలు ఒకదానినొకటి ఒరుసుకోకుండా పక్కపక్కన అమరాలి కనుక, ప్రతి ఇటుకను మొత్తం మీద 0.2 మి.మీ. తగ్గించి తయారు చేస్తారు. అందువల్ల నాలుగు బుడిపెల పొడవు, ఒక బుడిపె వెడల్పు ఉన్న నున్నటి టైలు (పైన బుడిపెలు లేని పలక) 31.8 మి.మీ. పొడవు, 7.8 మి.మీ. వెడల్పు ఉంటుంది. బుడిపెను వదిలేస్తే ఇటుక ఎత్తు 9.6 మి.మీ., ప్లేటు (పలుచటి ఇటుక) ఎత్తు అందులో మూడో వంతు, అంటే 3.2 మి.మీ.

డెకాల్ అంచు దాకా వస్తే వేలు తగిలిన ప్రతిసారీ లేచిపోతుంది కాబట్టి, నాలుగు వైపులా 0.4 మి.మీ. చొప్పున ఖాళీ వదలాలి. బుడిపెల సంఖ్యను 8తో గుణించి అందులోంచి 1 తీసివేస్తే ఈ లెక్క వచ్చేస్తుంది. పైన చెప్పిన నాలుగు బుడిపెల టైలు మీద అతికించే మా బోర్డుకు అది 31 × 7 మి.మీ. అయింది. మీ ఇటుకలు వేరే కంపెనీవైతే, నాలుగు బుడిపెల ఇటుకలు ఐదింటిని వరుసగా ప్లేటు మీద బిగించి పిల్లల స్కేలుతో కొలవండి, 160 మి.మీ.కు వెంట్రుకవాసి తక్కువగా వస్తే ఇవే కొలతలు వాటికీ వర్తిస్తాయి.

తెలుగు అక్షరాల విషయంలో మరింత శ్రద్ధ అవసరం. ‘చిత్తూరు’లో పైన గుడి, కింద తవత్తు ఉన్నాయి, ఆ రెండింటికీ చోటు ఇచ్చిన తరువాత అసలు అక్షరానికి మిగిలేది సుమారు 3 మి.మీ. మాత్రమే. అంత చిన్న అక్షరాలకు రామభద్ర వంటి లావుపాటి ఫాంటు వాడితే లోపలి ఖాళీలు పూడిపోయి ‘త’కు, ‘చ’కు తేడా తెలియదు, మండలి వంటి తేలికపాటి ఫాంటు నయమని నా అభిప్రాయం.

ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో పేజీని ఏ4గా, కొలమానాన్ని మిల్లీమీటర్లుగా పెట్టుకుని, 31 × 7 దీర్ఘచతురస్రం గీసి, దాని రంగును గీతకు అవతల 1 మి.మీ. వరకు పొడిగించండి. అక్షరాలను పాత్‌గా (అంటే ఫాంటు అవసరం లేని గీతల ఆకారాలుగా) మార్చి పీడీఎఫ్‌గా దాచుకుంటే, షాపు కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోయినా ఒత్తులు చెదరవు. బొమ్మగా ఇవ్వాలంటే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) 31 మి.మీ.కు 732 పిక్సెళ్లు కావాలి.

పేజీలో ఒక పక్కన 100 మి.మీ. గీత కూడా తప్పక గీయండి. నేను మొదటిసారి ప్రింటు తీయించినప్పుడు ‘ఫిట్ టు పేజ్’ ఎంపిక అలాగే ఉండిపోయి, గీత 97 మి.మీ.కు, బోర్డు 30 మి.మీ.కు కుంచించుకుపోయాయి, స్టిక్కర్ షీటు మొత్తం వృథా అయింది. ‘యాక్చువల్ సైజ్’ పెట్టమని చెప్పి, ముందు మామూలు కాగితం మీద తీయించి, ఆ గీతను అక్కడే స్కేలుతో కొలిచిన తరువాతే స్టిక్కర్ షీటు ఇవ్వండి. మామూలు ప్రింటర్ తెల్లరంగు వేయలేదు కనుక, నల్ల టైలు మీద తెల్ల అక్షరాలు కావాలంటే పారదర్శక షీటు పనికిరాదు. తెల్ల షీటు మీద నల్ల నేపథ్యం ముద్రించాలి.

కోసేటప్పుడు స్టీలు స్కేలు ఆనించి, కొత్త బ్లేడుతో తేలికగా రెండు మూడు సార్లు గీయండి. ఒక్కసారే గట్టిగా నొక్కితే అంచు పీచులు లేస్తుంది. మూలలను రవ్వంత గుండ్రంగా కోస్తే త్వరగా లేవవు. కోసిన అంచున కనిపించే తెల్లటి గీతను నల్ల మార్కర్ పక్కవాటుగా రాసి కప్పేయవచ్చు.

టైలును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, సబ్బునీళ్లు ఒక్క చుక్క వేసి, డెకాల్‌ను పట్టకారుతో దించండి. మన తిరుపతి ఎండల్లో వేళ్ల చెమట జిగురుకు అంటితే ఆ చోట పట్టు ఉండదు కాబట్టి చేత్తో ముట్టుకోకపోవడమే మంచిది. చుక్క తడి ఉన్నంతసేపు అటూ ఇటూ జరిపి సరిచేసి, నడిమి నుంచి అంచులకు మెత్తటి గుడ్డతో నీటిని నెట్టి, ఒక రాత్రి కదపకుండా ఉంచండి. బోర్డు రెండు టైళ్ల మీదికి వస్తే, అతికించే ముందే అతుకు దగ్గర రెండు ముక్కలుగా కోయండి. లేకపోతే బస్సును విప్పిన రోజున పేరు చినిగిపోతుంది.