చేపను చూసి అది పెరిగిన చోటును గుర్తించడం ఎలా?

ఇప్పటివరకు శాస్త్రజ్ఞులు గుర్తించిన చేప జాతులు 35,000కు పైగా ఉన్నాయి. నదులు, సరస్సులు, చెరువులలో ఉన్న నీరు భూమి మీది మొత్తం నీటిలో ఒక శాతం కూడా లేకపోయినా, ఆ జాతులలో దాదాపు సగం అక్కడే జీవిస్తున్నాయి. అన్నింటి పేర్లూ గుర్తుపెట్టుకోవడం ఎవరివల్లా కాదు గాని, వండబోయే చేపను కోయకముందు శ్రద్ధగా పరిశీలిస్తే అది ఏ నీటిలో, ఏ లోతులో తిరిగిందో చాలావరకు చెప్పవచ్చు.

మొదట నోరు చూడండి. అన్నిటికన్నా ఎక్కువ సమాచారం ఇక్కడే దొరుకుతుంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, ఎందుకంటే అది నీటి పైపొరలలో తేలే సూక్ష్మజీవులను తింటుంది. శీలావతి పెదవులకు అంచుల్లా కుచ్చులుంటాయి, అది ప్రధానంగా మధ్యపొరలలో మేస్తుంది. ఎర్రమోసు నోరు కిందివైపు ఉండి, అడుగున కుళ్లుతున్న పదార్థాన్ని ఏరుకోవడానికి పనికివస్తుంది. ఒకదాని మేతకు మరొకటి పెద్దగా పోటీ రాదు కనుకనే ఈ మూడింటినీ ఒకే చెరువులో కలిపి పెంచగలుగుతున్నారు. వాలుగ, జెల్లలకు ఉన్నట్లు నోటి చుట్టూ మీసాలుంటే, అది కలక నీటిలోనైనా మేతను తడిమి, రుచి చూసి వెతుక్కోగల చేప అని అర్థం.

తరువాత శరీరాకృతిని గమనించండి. సూర, వంజరం, కానాగంతల వంటి వాటికి రెండు కొసలా సన్నబడిన ఒళ్లు, లోతుగా చీలిన తోక ఉంటాయి. విశాలమైన సముద్రంలో ఆగకుండా ఈదే చేపలివి. ఆగకుండా ఈదడానికి కావలసిన ఎర్ర కండరం ఎక్కువగా ఉండటం వల్ల సూర చేపల మాంసం ముదురు రంగులో కనిపిస్తుంది. దీనికి పూర్తిగా భిన్నమైనది నాలుక చేప: పిల్లగా ఉన్నప్పుడు కళ్లు ఇరుపక్కలా ఉంటాయి, పెరిగేకొద్దీ ఒక కన్ను తల మీదుగా రెండో వైపుకు జరుగుతుంది, ఆ మీదట అది ఇసుక మీద ఒక పక్కకు ఒరిగి జీవిస్తుంది. నిజంగా ఆశ్చర్యకరమైన ఏర్పాటు ఇది.

నీటి నుంచి తీశాక కూడా చాలాసేపు బతికి ఉంటే, అది కొరమీను, మార్పు, ఇంగిలాయి వంటి గాలి పీల్చగల చేప కావచ్చు. ఆక్సిజన్ తక్కువగా ఉండే బురద నీళ్లు వీటికి అలవాటు.

అయితే ఉప్పునీటి చేపా, మంచినీటి చేపా అనేది ఆకారం చూసి తేల్చకండి. సముద్రంలో పెరిగే ఇలస గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది. పండుగప్ప మంచినీటిలో పెరిగినా గుడ్లు పెట్టడానికి ఉప్పునీటికి వెళ్తుంది. ఇటువంటి చేపల విషయంలో అమ్మేవారిని అడిగి తెలుసుకోవడమే సరైన మార్గం.

చివరగా, కళ్లు బాగా పెద్దవిగా, ఒళ్లు ఎర్రగా ఉంటే అది లోతైన సముద్రపు చేప అయ్యే అవకాశాన్ని పరిశీలించండి. ఎర్ర కాంతి లోతులకు చేరదు కనుక అక్కడ ఎరుపు రంగు దాదాపుగా కనిపించదు. ఆరెంజ్ రఫీ వంటి కొన్ని లోతునీటి చేపలు వందేళ్లకు పైగా బతుకుతాయి, కాని గుడ్లు పెట్టే వయసుకు రావడానికే దశాబ్దాలు తీసుకుంటాయి. ఒకసారి ఎక్కువగా పట్టేస్తే వాటి సంఖ్య మళ్లీ పెరగడానికి చాలా కాలం పడుతుంది. అందుచేత అటువంటి చేపకు బదులు, త్వరగా పెరిగి త్వరగా గుడ్లు పెట్టే కవళ్ల వంటి వాటిని ఎంచుకోండి.