వెబ్ ఆప్షన్లలో సీఎస్‌ఈ, ఐటీ: ఏది ముందు పెట్టాలి?

తెలంగాణలో ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో మీకు సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్) కావాలా, ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) కావాలా అని విడిగా ఎవరూ అడగరు. మీ ర్యాంకుతో పాటు, మీరు ఆన్‌లైన్‌లో పెట్టే కాలేజీ, బ్రాంచి ఆప్షన్ల వరసను బట్టే సీటు వస్తుంది. ఐటీకి కోడ్ ఐఎన్‌ఎఫ్. జాబితాలో ఐటీ అని వెతికి, కనిపించక వదిలేసేవాళ్లున్నారు.

ముందుగా కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో ప్రాసెసింగ్ ఫీజు కట్టాలి: ఓసీ, బీసీలకు రూ.1200, ఎస్సీ, ఎస్టీలకు రూ.600. స్లాట్ బుక్ చేసుకుని హెల్ప్‌లైన్ సెంటర్‌లో సర్టిఫికెట్లు చూపించాలి. ర్యాంకు కార్డు, టెన్త్, ఇంటర్ మెమోలు, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, ఆధార్, వర్తించేవాళ్లకు కులం, ఆదాయ పత్రాలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కావాలంటే ఆదాయ పత్రం కొత్తదై ఉండాలి. మీసేవలో ముందే తీసుకోండి.

అసలు పని ఆప్షన్ల దగ్గరే. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్ (డేటాబేస్‌ల పేపర్), నెట్‌వర్క్స్ రెండు బ్రాంచిల్లోనూ ఉంటాయి. తేడా ఎక్కువగా ఎలక్టివ్‌లలో (విద్యార్థి ఎంచుకునే పేపర్లలో), పై సెమిస్టర్లలో కొన్ని పేపర్లలో. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో ఈ రెండింటికీ కలిపి ఉన్నది ఒకటే పేపర్, దాని పేరే 'కంప్యూటర్ సైన్స్ అండ్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ'. కాబట్టి బ్రాంచి పేరు కోసం మంచి కాలేజీని వదులుకోవద్దని నా గట్టి అభిప్రాయం. హైదరాబాద్‌లోని సీబీఐటీ, వాసవి లాంటి మంచి కాలేజీల్లో ఐటీ వచ్చే ర్యాంకు ఉండి, ఫ్యాకల్టీ సరిగా లేని కాలేజీలో సీఎస్‌ఈ తీసుకోవడం పిల్లలకు నష్టం.

అన్ని కాలేజీల సీఎస్‌ఈలు పైన, ఐటీలు కింద పెట్టకండి. ఒక కాలేజీ సీఎస్‌ఈ, వెంటనే అదే కాలేజీ ఐటీ, ఆ తర్వాత రెండో కాలేజీ, అలా కలిపి రాయండి. ర్యాంకు చాలదనుకున్న సీటును పైన పెట్టినా నష్టమేమీ లేదు. అది రాకపోతే కంప్యూటర్ కింది ఆప్షన్ చూస్తుంది. కానీ ఒకసారి పై ఆప్షన్‌లో సీటు వస్తే, ఆ విడతలో కిందివి ఇక పరిశీలించదు. ముందు కాగితం మీద కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్, నంబరు రాసుకుని, దాన్ని చూసి ఎక్కించండి. సేవ్ చేసి, ప్రింట్ తీసి సరిచూశాకే ఫ్రీజ్ (ఖరారు) చేయండి.

సీటు వచ్చాక గడువులోగా ట్యూషన్ ఫీజు కట్టి, ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే సీటు పోతుంది. తర్వాతి విడతకు ఆప్షన్లు మళ్లీ మొదటి నుంచి పెట్టాలి. అందులో కొత్త సీటు వస్తే పాతది రద్దవుతుంది. చేతిలో ఉన్నదానికన్నా నిజంగా మెరుగైనవే పెట్టండి.