సొంత పాట, సొంత హక్కు – మూడో పాఠం: స్టూడియోకు పోకముందే రాసుకోవాల్సిన కాగితం

గత రెండు పాఠాల్లో ఒక పాటలో ఎన్ని హక్కులుంటాయో, అవి మనవేనని చూపే ఆధారాలు ఎట్లా దాచుకోవాలో చూశాం. సాహిత్యం రాసినవారిది, బాణీ కట్టినవారిది, రికార్డింగు నిర్మాతది, పాడినందుకు వచ్చే హక్కు గాయకులది. 1957 నాటి కాపీరైట్ చట్టం వీటిని నాలుగు వేర్వేరు హక్కులుగానే చూస్తుంది. ఈ హక్కులు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోయేది కాగితం మీద. ఆ కాగితం ఎట్లా ఉండాలన్నదే ఈ పాఠం.

బతుకమ్మకు ముందు, మేడారం జాతరకు ముందు హన్మకొండ, కరీంనగర్ స్టూడియోల్లో పాటల పని ఎక్కువ. ఛానల్ వాళ్లు ఫోన్‌లో మాట్లాడతారు, ఫోన్‌పేలో అడ్వాన్సు వేస్తారు, పాట రికార్డవుతుంది, కొన్ని రోజుల్లో యూట్యూబ్‌లో ఉంటుంది. అప్పటిదాకా కాగితం మాటే రాదు. పాటకు వ్యూస్ పెరిగాక మాత్రం బాండు పేపరు మీద ‘సర్వహక్కులు శాశ్వతంగా’ అని టైపు చేయించి సంతకానికి తెస్తారు. అప్పుడు బేరమాడడం కష్టం. పాట ఎంత ఆడుతుందో ఇద్దరికీ తెలియని రోజునే రాసుకోవాలి, అంటే రికార్డింగుకు ముందే.

‘పైసలు ఇచ్చినం, పాట మాదే’ అనే మాట మొదట తేల్చుకుందాం. మీరు ఆ ఛానల్‌లో నెల జీతానికి పనిచేస్తూ, ఆ ఉద్యోగంలో భాగంగా పాట రాస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు సాహిత్యం యజమానిదే. పాటకు ఇంత అని తీసుకుని రాసేవారు ఉద్యోగులు కారు. వాళ్ల సాహిత్యం, బాణీ రాతపూర్వకంగా, సంతకంతో బదలాయిస్తేనే పోతాయి. చట్టం 19వ సెక్షన్ ఇదే చెబుతుంది. ఫోన్‌పే రసీదు డబ్బు ముట్టిందని చూపుతుంది కానీ హక్కు మారిందని చూపదు.

రికార్డింగు సంగతి వేరు. అక్కడ చట్టం చూసేది ఆ రికార్డింగు చేయించడానికి పూనుకుని బాధ్యత మోసినది ఎవరని. ఛానల్ ఖర్చు పెట్టి చేయిస్తే రికార్డింగు ఛానల్‌దే, అందులో తగాదా లేదు. మీరే స్టూడియోకు ప్యాకేజీ డబ్బు కట్టి చేయించుకుంటే నిర్మాత మీరు, స్టూడియో కాదు. రసీదు మీద ‘ఈ రికార్డింగు నిర్మాత ఫలానా వారు’ అని ఒక్క వాక్యం రాయించుకుంటే తర్వాత వాదన ఉండదు.

కాగితంలో ఏముండాలి

ఒక ఉదాహరణ పట్టుకుని పోదాం. పరకాలలో ఉండే రచయిత బతుకమ్మ పాట రాశారు, బాణీ కూడా ఆయనదే. హన్మకొండలోని ఛానల్ దాన్ని తీసుకుంటోంది. 19వ సెక్షన్ ప్రకారం ఆ కాగితంలో ఇవి ఉండి తీరాలి: ఏ పాట, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత డబ్బు.

‘ఏ పాట’ అన్నచోట పేరు రాస్తే సరిపోదు. ‘ఉయ్యాలో’ అనే మాటున్న బతుకమ్మ పాటలు లెక్కలేనన్ని. పల్లవి, చరణాలు మొత్తం అనుబంధంగా అచ్చువేసి ప్రతి పేజీ మీద ఇద్దరూ సంతకం చేయాలి. బాణీని కాగితం మీద పెట్టడం కష్టం, మనలో స్వరం రాసుకునేవారు తక్కువ. రాయకపోయినా బాణీ కట్టినవారి హక్కు హక్కే, చట్టం స్వరలిపి అడగదు. అందుకని గొంతుతో పాడిన ఫైలును గుర్తుగా పెట్టుకోవాలి: ఫైలు పేరు, నిడివి, రికార్డు చేసిన తేదీ, దాని షా-256 హాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి అక్షరాల వరుస). విండోస్ కంప్యూటర్‌లో ‘సర్ట్‌యుటిల్’ కమాండుతో ఆ హాష్ వస్తుంది, 64 అక్షరాలు. ఫైలు పేరు మార్చినా హాష్ మారదు. ఎంపీ3గా మార్చినా, చివర ఒక సెకను కత్తిరించినా మొత్తం మారిపోతుంది. కాబట్టి హాష్ తీసిన ఫైలును ముట్టుకోకుండా రెండు చోట్ల దాచి, పని అంతా వేరే కాపీ మీద చేసుకోవాలి. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం కింద కోర్టుకు ఎలక్ట్రానిక్ ఆధారం ఇచ్చేటప్పుడు జతచేసే ధ్రువపత్రంలో కూడా హాష్ రాయాల్సి ఉంటుంది.

‘ఏ హక్కులు’ అన్నది కాగితానికి ప్రాణం. ‘సర్వహక్కులు’ అన్నచోట ఇట్లా రాయించండి:

‘ఈ సాహిత్యాన్ని, బాణీని సౌండ్ రికార్డింగుగా, వీడియోగా చేసి యూట్యూబ్‌లోను, ఆడియో స్ట్రీమింగ్ యాప్‌లలోను విడుదల చేసే హక్కును మాత్రమే రెండో పక్షానికి బదలాయిస్తున్నాను. సినిమాలో, వ్యాపార ప్రకటనలో, ఎన్నికల ప్రచారంలో వాడే హక్కు, ఇదే బాణీకి వేరే మాటలు రాయించే హక్కు, మరో భాషలోకి మార్చే హక్కు నా దగ్గరే ఉంటాయి.’

ఎన్నికల మాట ఊరికే పెట్టలేదు. ఆడిన జానపద బాణీకి నాయకుడి పేరు పెట్టి ప్రచార రథం మీద తిప్పడం మన దగ్గర మామూలు. ఆ డబ్బు ఎవరికి రావాలన్నది ఈ ఒక్క వాక్యంతో తేలుతుంది. కొందరికి డబ్బుకన్నా తమ బాణీ ఏ జెండా కింద మోగుతోందన్నదే ముఖ్యం. వాళ్లకైతే ఈ వాక్యం ఇంకా అవసరం.

కాలం రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా తీసుకుంటుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఈ రెండూ పాట రాసినవారికే మేలు కాబట్టి ఛానల్ వాళ్లు ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని తప్పకుండా రాస్తారు. ప్రపంచమంతటా అన్నది ఒప్పుకోవచ్చు, యూట్యూబ్‌కు సరిహద్దులు లేవు. శాశ్వతం అన్నది మాత్రం ఐదుకో పదికో తగ్గించమని అడగండి. సాహిత్యానికి, బాణీకి రక్షణ కర్త జీవితకాలం, ఆపై 60 ఏళ్లు. శాశ్వతం అని సంతకం చేస్తే మీ మనవళ్ల వాటా కూడా ఇచ్చేసినట్టే.

ఇంకో నిబంధన, 19(4) సెక్షన్, చాలామంది కంట పడదు. హక్కు తీసుకున్నవారు ఏడాదిలోపు వాడకపోతే, వేరేగా రాసుకోనంతవరకు, అది రద్దయినట్టే. పాట కొని మూలన పడేసేవారి నుంచి ఇది కాపాడుతుంది. టైపు చేయించిన కాగితాల్లో ‘19(4) సెక్షన్ ఈ ఒప్పందానికి వర్తించదు’ అనే లైను కనిపిస్తే కొట్టేయించండి. కొట్టేసిన చోట పక్కనే ఇద్దరి పొట్టి సంతకాలు ఉండాలి.

డబ్బు లెక్క

రూ. 12,000 ఒకేసారి, ఆపై ఆదాయంలో 15 శాతం అని మాట్లాడుకున్నారనుకుందాం. అంకె కంటే ‘దేని మీద 15 శాతం’ అన్నది ముఖ్యం. ‘నికర ఆదాయం’ అని రాస్తే షూటింగు, డ్యాన్సర్లు, ఎడిటింగు, కారు కిరాయి అన్నీ పోను మిగిలేది సున్నా. ‘యూట్యూబ్ నుంచి ఈ పాటకు వచ్చిన మొత్తంలో, నిర్మాణ ఖర్చులు తీయకుండా’ అని రాయాలి. అక్కడితో కూడా ఆగొద్దు. ఒకే పాట ఫుల్ సాంగ్‌గా, లిరికల్‌గా, డీజే వెర్షన్‌గా, జ్యూక్‌బాక్స్‌లో ముక్కగా నాలుగైదు సార్లు ఎక్కుతుంది. ఒక్క లింకు మీద లెక్క పెట్టుకుంటే మిగతావాటి ఆదాయం మీ కంటికి కనపడదు. ‘ఈ పాట పూర్తిగా గాని, కొంత గాని ఉన్న ప్రతి వీడియో’ అని ఉండాలి. మూడు నెలలకోసారి ఆ వీడియోల ఆదాయ నివేదికను యూట్యూబ్ స్టూడియో (ఛానల్ యజమానికి లెక్కలు చూపే యూట్యూబ్ పేజీ) నుంచి దించి ఇవ్వాలని కూడా రాయండి. ఒక నెల ఆదాయం ఛానల్ ఖాతాలో పడేది మరుసటి నెల 21 నుంచి 26 మధ్య. చెల్లింపు గడువు దాని తర్వాత పెడితే ‘ఇంకా రాలేదు’ అనే మాట రాదు.

కాగితంలో ఏమి రాసినా పోని హక్కు ఒకటుంది. 2012 సవరణ ప్రకారం, సౌండ్ రికార్డింగులో వాడిన సాహిత్యానికి, బాణీకి వచ్చే రాయల్టీలో హక్కు కొన్నవారితో సమానంగా పంచుకునే హక్కును కర్త వదులుకోలేరు. వారసులకు, రాయల్టీ వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీకి తప్ప ఇంకెవరికీ రాసివ్వలేరు. ‘రాయల్టీ అడగను’ అని సంతకం చేసి ఉన్నా ఆ వాక్యం చెల్లదు. అట్లాగే కర్తగా పేరు వేయించుకునే హక్కు 57వ సెక్షన్ కింద బదలాయింపు తర్వాత కూడా మీదే. మీరు రచయితల, స్వరకర్తల సొసైటీ అయిన ఐపీఆర్ఎస్‌లో ఇప్పటికే సభ్యులైతే, సొసైటీకి ఇచ్చిన హక్కును మళ్లీ ఛానల్‌కు రాసివ్వకండి. ‘సొసైటీకి ఇచ్చిన హక్కులు మినహా’ అనే మాట కాగితంలో చేర్చండి.

పాత బాణీ, కొన్న లూపు

చివర ఎప్పుడూ ఒక హామీ ఉంటుంది: ‘ఇది పూర్తిగా నా సొంత సృష్టి.’ జానపదంలో ఈ వాక్యం దగ్గర ఆగి ఆలోచించాలి. తరతరాల నుంచి పాడుతున్న బతుకమ్మ బాణీకి మీరు కొత్త మాటలు రాస్తే, మాటలే మీవి. బాణీ అందరిదీ. కాగితంలో ‘సాహిత్యం: ఫలానా, బాణీ: సంప్రదాయం’ అని నిజం రాయండి. లేకపోతే రేపు ఛానల్ ఆ బాణీ తమదని ఇంకో పల్లె మహిళల వీడియో మీద క్లెయిమ్ వేస్తుంది, దానికి మూలం మీ సంతకం అవుతుంది. పల్లవి అమ్మమ్మల నాటిది, చరణాలు మీవి అయితే అదీ విడదీసి రాయాలి. నాలుగో తరం పాడుకునే పాటను ఒకరి పేరు మీద రాయడం చట్టం దృష్టిలోనే కాదు, మన ఊళ్ల దృష్టిలోనూ తప్పే.

కీబోర్డు ప్రోగ్రామర్‌తో కూడా ఒక చిన్న కాగితం కావాలి. రెడీమేడ్ డప్పు లూపు (ముందే రికార్డు చేసి అమ్మే, మళ్లీ మళ్లీ తిప్పి వాడే డప్పు ముక్క) వాడారా, వాడితే ఏ లైబ్రరీది, దాని లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో అందులో ఉండాలి. అదే లూపు వందల మంది కొని ఉంటారు. దాన్ని మీ రికార్డింగుతో పాటు కంటెంట్ ఐడీలో (ఒకే ఆడియో ఉన్న వీడియోలను పట్టే యూట్యూబ్ వ్యవస్థలో) ఎక్కిస్తే ఇతరుల పాటలకు తప్పుడు మ్యాచ్ వస్తుంది, యూట్యూబ్ అట్లాంటివి ఒప్పుకోదు. మీ డబ్బుతో చేయిస్తుంటే గొంతు, డోలు, కీబోర్డు విడివిడి ట్రాకులు వేవ్ ఫైళ్లుగా చేతికొచ్చాకే ఆఖరి వాయిదా అని రాసుకోండి. ముందే మొత్తం కడితే ఆ ఫైళ్లు స్టూడియో హార్డ్‌డిస్క్‌లోనే ఉండిపోతాయి, డిస్క్ పోతే పాట కూడా పోతుంది. గాయకుల నుంచి ‘నా గొంతును ఈ పాటలో వాడటానికి సమ్మతి’ అనే లేఖ, పారితోషికం అంకెతో సహా తీసుకోండి. వారి హక్కు 50 ఏళ్లుంటుంది.

నోటరీ తప్పనిసరి కాదు. స్టాంపు సుంకం మాత్రం కట్టాలి. లేకపోతే హక్కు పోదు కానీ కోర్టు ఆ ఒప్పందాన్ని పక్కన పెట్టి ముందు జరిమానాతో సుంకం కట్టమంటుంది. ఎంత విలువ స్టాంపు కావాలో దస్తావేజు లేఖరిని అడిగి కొనండి. రెండు అసలు ప్రతులు, ఇద్దరు సాక్షులు, సంతకం పక్కన తేదీ మీ చేతిరాతతో ఉండాలి.

వచ్చే పాఠంలోపు చేయాల్సిన పని: ఇదివరకు సంతకం చేసిన కాగితాలన్నీ బయటకు తీసి, ఒక్కోదానిలో తేదీ, కాలం, ప్రాంతం అనే మూడింటి కింద గీత గీయండి. కాలం రాయని కాగితం తేదీకి ఐదేళ్లు కలిపితే మీ పాట ఎప్పుడు తిరిగి మీకు వస్తుందో తెలుస్తుంది. కొన్ని ఇప్పటికే వచ్చేసి ఉండవచ్చు. నాలుగో పాఠంలో కాపీరైట్ నమోదుకు పెట్టే ఫారం 14 నింపుదాం. సాహిత్యానికి రూ. 500, బాణీకి రూ. 500, సౌండ్ రికార్డింగుకు రూ. 2,000 రుసుము. ఈ కాగితాల స్కాన్లు అక్కడ కావాలి కాబట్టి దగ్గర పెట్టుకోండి.